312 ఫైళ్లు 3 అయిన రాత్రి

పోయిన నెలలో ఒక ఆదివారం రాత్రి నా లాప్‌టాప్‌లో 312 ఫైళ్లున్న ఫోల్డర్ రెండు సెకన్లలో 3 ఫైళ్ల ఫోల్డర్ అయింది. వైరస్ కాదు, డిస్కు పాడవలేదు, కరెంటు కూడా పోలేదు. నేనే రాసిన నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు (కంప్యూటర్‌కి వరసగా ఇచ్చే కమాండ్ల చీటీ), చెప్పిన పని చెప్పినట్టు చేసి, ఒక్క ఎర్రర్ కూడా చూపించకుండా ఊరుకుంది.

ఆ ఫైళ్లు మా తాతయ్య చిట్టా పుస్తకం. తాతయ్య గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేశారు. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, తూకం ఎంత, హమాలీ ఎంత, చేతికి ఇచ్చిన పైకం ఎంత, అన్నీ ఎర్ర గుడ్డ అట్ట పుస్తకంలో రాసేవారు. ఆయన పోయాక అది బ్రాడీపేటలో మా పెదనాన్న బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. ఇప్పటికీ తెరిస్తే తుమ్ములొస్తాయి. కాగితాలు పొడిపొడి అయిపోతున్నాయని పెదనాన్న ఒక షాపులో స్కాన్ చేయించారు. తెరిచిన రెండు పేజీలకీ కలిపి ఒక బొమ్మ. తాతయ్య ప్రతి జంట పేజీకీ కుడి మూలన అంకె వేశారు. చివరి అంకె 312, షాపువాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫైళ్లు కూడా 312. లెక్క సరిపోయింది కదా అని డబ్బులిచ్చేసి వచ్చారు.

ఆ ఫైళ్లని నేను లాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాను. కాపీ కాదు, కట్. ఎందుకంటే ఆ పెన్‌డ్రైవ్ పెదనాన్న కారులో పాటలకి కావాలి. మర్నాడే అందులో పాటలు ఎక్కించేశారు కూడా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రెండు రోజులకి పెదనాన్న ఫోను. "ఒరే, 3వ పేజీ రాలేదురా. రెండు కాగితాలు అంటుకుపోయినయ్, వాళ్లు చూసుకోలా. నేను మెల్లగా విడదీసి ఫోన్లో ఫొటో తీశా, మధ్యలో పెట్టు." అంటే 'చిట్టా 3' అనే ఫైల్లో ఉన్నది నిజానికి 4వ పేజీ. 3 నుంచి 312 దాకా అన్నిటినీ ఒక్కో అంకె ముందుకి జరిపితే 3 ఖాళీ అవుతుంది, అక్కడ ఈ ఫొటో పెట్టొచ్చు. ఒక పేజీ తక్కువైతే 312 కి 312 ఎలా సరిపోయిందన్న అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు.

లూపు రాశాను: 3 నుంచి 312 వరకు వరసగా లెక్కపెట్టు, ఒక్కో ఫైలు పేరులో అంకెకి ఒకటి కలిపి ఎంవీ (mv, లినక్స్‌లో ఫైలు పేరు మార్చే కమాండ్) చెయ్యి. పేర్లలో ఖాళీ ఉంది కాబట్టి కొటేషన్ గుర్తులు జాగ్రత్తగా పెట్టాను, అది గుర్తున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఎంటర్ కొట్టాను.

ఏం జరిగిందో మీకు ఇప్పటికే వెలిగి ఉంటుంది. 3ని 4గా మార్చమంటే, అక్కడ అప్పటికే 4 ఉంది. ఎంవీ అడగదు. పాత 4ని తీసి అవతల పడేసి, 3కి 4 అని పేరు పెట్టేసింది. తర్వాత వంతు 4ది, కానీ ఇప్పుడు 4 పేరుతో ఉన్నది పాత 3. అది వెళ్లి 5 మీద కూర్చుంది. ఇలా ఒకే బొమ్మ 310 కుర్చీలు ఎక్కి దిగుతూ, ఎక్కిన ప్రతి చోటా అక్కడున్నవాణ్ణి తోసేసుకుంటూ, చివరికి 313లో ఆగింది. మిగిలినవి 1, 2, 313. పోయినవి 309. బెంచీ మీద కూర్చున్నవాళ్లని కాస్త జరగమంటే చివరివాడు ముందు జరగాలి. ఇది చిన్న పిల్లలకి కూడా తెలుసు. వెనక నుంచి, అంటే 312 నుంచి 3 దాకా దిగుతూ రాసి ఉంటే ఒక్క ఫైలూ పోయేది కాదు.

రీసైకిల్ బిన్‌లో ఉంటాయేమో అని వెతికాను చూడండి, అప్పటి నా స్థితి అది. బిన్ అనేది డెస్క్‌టాప్ వాళ్ల మర్యాద. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ఎంవీకి దానితో సంబంధం లేదు. ఒకే డిస్కులో పేరు మార్చడమంటే లోపలున్న డేటాని ముట్టుకోవడం కూడా కాదు. ఫోల్డర్ అంటే ఈ పేరు ఆ ఐనోడ్‌ది (ఫైలు డేటా డిస్కు మీద ఎక్కడుందో చెప్పే రికార్డు) అని రాసుకున్న ఒక పట్టిక, అంతే. అందులో ఒక వరస మారుతుంది. అందుకే ఎంత పెద్ద ఫైలైనా రెప్పపాటులో అయిపోతుంది. ఆ వరసలో అంతకు ముందున్న ఐనోడ్‌కి ఇంకే పేరూ లేకపోతే, దాన్ని ఎవరూ తెరిచి ఉంచుకోకపోతే, ఆ జాగా ఖాళీ అయినట్టే.

లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ. తీసేసిన జాగాని ట్రిమ్ అనే పద్ధతిలో డిస్కు తనే ఊడ్చేసుకుంటుంది కాబట్టి అక్కడ ఆశ వదిలేశాను. మిగిలింది పెన్‌డ్రైవ్. పెదనాన్నకి నిజం చెప్పే ధైర్యం లేక "ఒకసారి ఆ పెన్‌డ్రైవ్ ఇవ్వండి, పాటలు ఇంకొన్ని ఎక్కిస్తా" అని తెచ్చుకున్నాను. ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. అది ఫోల్డర్ పట్టికని పట్టించుకోకుండా నేరుగా డిస్కు మీద బొమ్మల ఆనవాళ్లు వెతికి లాగుతుంది. పాటలు పడిన చోట తప్ప మిగతావి బతికే ఉన్నాయి. పోయిన 309లో 281 దొరికాయి. దొరకనివి 28. వాటితో పాటు ఎవరిదో గృహప్రవేశం, నాలుగు ఆధార్ జిరాక్సులు కూడా పైకి తేలాయి, అది వేరే కథ. ఒకటే చిక్కు: ఫోటోరెక్ బొమ్మని తెస్తుంది గానీ పేరు తేలేదు. అన్నిటికీ ఎఫ్ అక్షరం, దాని వెనక ఇంత పొడుగు అంకె. అంటే మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి ఫైలు పేరు చూసి ఏది ఏ పేజీయో చెప్పే ఆధారం కూడా లేదు.

ఇక లాభం లేదని పెదనాన్నకి చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏందిరా, నాన్న కొట్టివేత పడినా సరే కింద అంకె కనపడాలనేవాడు, నువ్వు పుస్తకమే తినేశావే" అన్నారు. ఆ 28 పేజీలూ ఆయనే ఫోన్‌తో తీసి ఇచ్చారు.

రెండోసారి ఎలా చేశానో రాస్తాను. స్క్రిప్టు ఇక్కడ అతికించట్లేదు. అతికిస్తే కాపీ కొట్టి నడిపేస్తారు, నేను కూడా అలాంటి బాపతే.

మొదటి మార్పు ఏంటంటే, పేరు మార్చే స్క్రిప్టు అసలు దేన్నీ కనిపెట్టకూడదు. ఏది ఏమవ్వాలో ముందు ఒక జాబితా ఫైల్లో రాసి పెట్టాలి: పాత పేరు, ట్యాబ్, కొత్త పేరు, వరసకి ఒకటి. స్క్రిప్టు ఆ జాబితా చదివి చేస్తుంది, అంతే. చాలామంది ఎంవీ ముందు ఎకో (echo, ఇచ్చిన మాటని తెరమీద చూపించి ఊరుకునే కమాండ్) తగిలించి, ఏం చేయబోతోందో తెరమీద చూసుకుని తర్వాత ఎకో తీసేస్తారు. ఏమీ లేనిదానికంటే మేలే గానీ, నా లూపు ముందు ఎకో పెట్టి ఉన్నా నాకు తప్పు కనపడేది కాదు. '3 నుంచి 4కి, 4 నుంచి 5కి' అని ముచ్చటగా 310 లైన్లు కనిపించేవి, అన్నీ కరెక్టే కదా అని ఎంటర్ కొట్టేవాణ్ణి. కంటితో చూస్తే వరస తప్పు దొరకదు, దాన్ని యంత్రంతోనే పట్టించాలి. జాబితా ఫైల్లో ఉంటే యంత్రం కూడా చదవగలదు, పెదనాన్న కూడా చదవగలరు.

యంత్రం చూడాల్సినవి కొన్నే. పాత పేరున్న ఫైలు నిజంగా ఉందా. కొత్త పేరు రాయకుండా వదిలేశానా. కొత్త పేరు ఫోల్డర్‌లో ఇప్పటికే ఉందా. జాబితాలో ఒకే కొత్త పేరు రెండుసార్లు వచ్చిందా, దీనికి కొత్త పేర్ల వరుసని మాత్రం తీసి సార్ట్ (sort) కమాండ్‌తో వరసలో పెట్టి యూనిక్ (uniq) కమాండ్‌ని మైనస్ డీతో (-d) నడిపితే రెండుసార్లు వచ్చినవే బయటపడతాయి. వీటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఒక్క ఫైలు కూడా ముట్టుకోకుండా ఆగిపోవాలి. సగం చేసి ఆగే స్క్రిప్టు అసలు చెయ్యనిదానికంటే ప్రమాదం, ఎక్కడ ఆగిందో వెతుక్కోవడానికే రోజు పోతుంది.

ఇంకోటి, కొత్త పేర్లలో వాలు గీత ఉందా అని చూడాలి. లినక్స్‌లో ఫైలు పేరులో దాదాపు ఏదైనా పెట్టొచ్చు, వాలు గీత, శూన్య బైటు ఈ రెండూ తప్ప. గుంటూరు వాళ్లకి ఇది ప్రత్యేకం. పుస్తకం మధ్యలో దొరికిన విడి కాగితాలకి పెదనాన్న పేర్లు రాసి పంపారు, అందులో ఒకటి 'అద్దె రసీదు బ్రాడీపేట 4/7'. మాకు అడ్రసంటే అంతే, 4వ లైను 7వ అడ్డరోడ్డు. షెల్‌కి మాత్రం 'అద్దె రసీదు బ్రాడీపేట 4' అనే ఫోల్డర్‌లో '7' అనే ఫైలు. తేదీలదీ అదే గోల. ఇంకో కాగితానికి ముందు అడ్డగీత పెట్టి '-బాకీ' అని రాశారు, అలాంటి పేరుని కమాండ్ ఆప్షన్ అనుకుంటుంది. పేరుకి ముందు చుక్క, వాలు గీత పెట్టి ఇస్తే ఆ బాధ లేదు.

అంకెల దగ్గర కూడా నా బుర్ర తిన్నది ఒకటుంది. 1, 10, 100, 2 అని వరస రాకుండా అందరూ ముందు సున్నాలు పెట్టి 001, 002 అని రాస్తారు, ప్రింట్‌ఎఫ్ (printf) అనే కమాండ్‌తో ఇట్టే అయిపోతుంది. కానీ ముందు సున్నా ఉన్న అంకెని బాష్ (bash, నేను వాడే షెల్) అష్టాంశ పద్ధతిలో చదువుతుంది, అంటే 0 నుంచి 7 దాకా అంకెలే వాడే లెక్క. అందులో 8, 9 అనే అంకెలే ఉండవు కాబట్టి 008 దగ్గర ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ ఇస్తే ఫర్వాలేదు, తెలుస్తుంది. భయపడాల్సింది 010ని చూసి. ఎర్రర్ లేదు, ఏమీ లేదు, దాన్ని 8 అనుకుంటుంది. అప్పటికే సున్నాలున్న పేర్లకి మళ్లీ ప్రింట్‌ఎఫ్ తగిలిస్తే 010వ పేజీ నోరెత్తకుండా 008 అయిపోతుంది. లెక్కలు వేసేటప్పుడు అంకె ముందు '10#' అని చేరిస్తే ఇది మామూలు దశాంశమే అని అర్థమవుతుంది.

ఇక తెలుగు పేర్లు. ఇంగ్లీషులో రాసినవాళ్లెవరూ చెప్పని తంటా ఇది. విడి కాగితాల్లో 'గోడౌన్ లెక్క' అనే పేరుతో ఫైలు ఉంది, నేను అదే పేరు టైపు చేస్తే లేదంటుంది. కళ్లజోడు తుడుచుకుని చూసినా రెండూ ఒకటే. చివరికి బైట్లు విప్పి చూస్తే, పెదనాన్న ఫోన్ కీబోర్డు 'గోడౌన్' తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం పెట్టింది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడాలంటే అది కావాలి, కానీ పదం చివర ఉంటే ఉన్నట్టే తెలీదు. 'పైకం' ఇంకా విచిత్రం. యూనికోడ్‌లో ఐత్వం ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం ప్లస్ కింది గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. చూడ్డానికి ఒకటే, ఫైల్ సిస్టమ్‌కి వేర్వేరు పేర్లు. అందుకని నా తనిఖీలో ఇప్పుడు కనపడని ఆ అక్షరం ఉన్న పేర్లన్నీ విడిగా చూపిస్తుంది.

పొడవు సంగతీ అంతే. లినక్స్ డిస్కుల్లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్‌4 (ext4) ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. 'గుంటూరు' అని రాస్తేనే 21 అయిపోతాయి. రైతు పేరు, ఊరు, సరుకు, సంవత్సరం అన్నీ ఫైలు పేరులోనే ఉండాలని పెదనాన్న కోరిక. ఆయన చెప్పినట్టు పెడితే 85 గుర్తులకే ఆగిపోతుంది. ఆ వివరాలు వేరే పట్టికలో రాసుకుందాం అని ఒప్పించడానికి రెండు కాఫీలు పట్టింది.

అసలు పని చేసేది ఎంవీ కాదు ఇప్పుడు. ఎంవీకి చాలామంది మైనస్ ఎన్ (-n) పెట్టుకోమంటారు, అంటే అక్కడ ఎవరైనా ఉంటే జోలికి వెళ్లకు అని. ఆ రాత్రి అది పెట్టి ఉంటే 312 ఒక్కటే 313 అయ్యేది, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉండేవి, బతికిపోయేవాణ్ణి. కానీ వదిలేసినప్పుడు చెప్తుందా లేదా అన్నది వెర్షన్‌ని బట్టి మారుతూ వచ్చింది, కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడలేను. నేను వాడుతున్నది ఎల్‌ఎన్ (ln), ఉన్న ఫైలుకి ఇంకో పేరు తగిలించే కమాండ్. కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచి, జాబితాలో ఒక్కో ఫైలుకీ అక్కడ కొత్త పేరుతో హార్డ్ లింకు వేస్తాను. ఒకే ఐనోడ్‌కి రెండో పేరు పెట్టడం అన్నమాట, డేటా కాపీ అవ్వదు, జాగా పట్టదు. పాత ఫోల్డర్ పాత పేర్లతో అలాగే ఉంటుంది. పైగా ఎల్‌ఎన్‌కి పట్టుబట్టి చెప్తే తప్ప, ఉన్న పేరు మీద ఎక్కి కూర్చోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. తప్పు జరిగిందా, కొత్త ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంతా బాగుందని పెదనాన్న అన్నాకే పాత ఫోల్డర్ తీసేస్తాను. రెండు షరతులున్నాయి: రెండు ఫోల్డర్లూ ఒకే డిస్కు భాగంలో ఉండాలి, పెన్‌డ్రైవ్‌ల మీద ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో హార్డ్ లింకులు కుదరవు. ఇంకోటి, రెండు పేర్లూ ఒకే డేటావి కాబట్టి ఒకవైపు బొమ్మని తెరిచి దిద్దితే రెండో వైపూ మారిపోవచ్చు. ఇది బ్యాకప్ కాదు, పేర్లకి మాత్రమే రక్షణ.

రీనేమ్ అనే కమాండ్ ఉందిగా అంటారా, ఉంది, అదే పేరుతో రెండున్నాయి. లినక్స్ రకాల్లో డెబియన్, ఉబుంటు వైపు దొరికేది పెర్ల్ భాషలో రాసింది, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఎలాంటి అక్షరాల వరస వెతకాలో చెప్పే సూత్రం) అడుగుతుంది. ఫెడోరా వైపు ఉండేది యుటిల్ లినక్స్ అనే కమాండ్ల కట్టలోది, ఏ ముక్క బదులు ఏ ముక్క పెట్టాలో అడుగుతుంది. ఒకదానికి రాసింది రెండోదాని మీద నడపకండి.

సరే, ఆ 313 బొమ్మలు. ఫోటోరెక్ తెచ్చిన 281, మిగిలిన 3, అంటుకున్న చోట పెదనాన్న తీసిన 1, తర్వాత తీసిన 28. ఒక శనివారం బ్రాడీపేటలో కూర్చుని, నేను ఒక్కో బొమ్మా తెరవడం, ఆయన కుడి మూలనున్న అంకె చదవడం, నేను జాబితాలో కొట్టడం. మధ్యాహ్నానికి అయింది. తనిఖీ నడిపాను. ఒకే ఒక్క లైను వచ్చింది: 147 రెండుసార్లు.

నేనే తప్పు కొట్టి ఉంటాను, తెరిచి చూడండి అన్నాను. చూశారు. రెండిట్లోనూ 147 అనే ఉంది, తాతయ్య చేతిరాతే. తేదీలు వేరు, రైతులు వేరు. ఆయన పేజీ తిప్పి, ముందు పేజీ అంకె మళ్లీ వేసేశారు. అందుకే చివరి అంకె 312 అయినా పుస్తకంలో ఉన్నవి 313 జంట పేజీలు. షాపువాళ్లకి ఒకటి తగ్గింది, తాతయ్యకి ఒకటి ఎక్కువైంది, లెక్క సరిపోయింది. అంటే 3 నుంచి 146 వరకే జరపాలి, 147 నుంచి ఫైళ్ల పేర్లు అప్పటికే సరిగ్గా ఉన్నాయి. ఆ రాత్రి నేను లూపుని వెనక నుంచి కరెక్టుగా రాసి ఉంటే, 309 ఫైళ్లు పోయేవి కాదు గానీ, బాగున్న 166 ఫైళ్ల పేర్లు చెడగొట్టి, అంతా సరిగ్గా ఉందనుకుని పాత పుస్తకం బీరువాలో పెట్టేసేవాళ్లం.

పెదనాన్న కళ్లజోడు పైకెత్తి ఆ రెండు పేజీలనీ చాలాసేపు చూశారు. "నాన్న అంకె తప్పడం నేనెప్పుడూ చూడలా" అన్నారు. రెండోదాన్ని 148 చేసి మిగతావి జరపనా అని అడిగాను.

"జరపమాక. రెండోదానికి 147అ అని పెట్టు."

జాబితాలో ఆ ఒక్క లైను మార్చి, తనిఖీ మళ్లీ నడిపాను. ఈసారి ఏమీ రాలేదు.